తొంభై ఒకటి సరిపోతుందన్నారు

లెక్కల టీచరుగా రిటైరయ్యే నాటికి రేపల్లెలో నా గురించి ఒక మాట స్థిరపడిపోయింది. ఆవిడ అర మార్కు కూడా కలపదు, అని. తండ్రులు ఇంటికొచ్చి బతిమాలినా, హెడ్మాస్టరు పిలిచి "చూసీ చూడనట్టు పోదాం టీచరుగారూ" అన్నా నేను కలపలేదు. రాని మార్కు వేస్తే పిల్లాడికి మేలు చేసినట్టు కాదు, వాడు పై తరగతిలోకి వెళ్లి బోర్లా పడతాడు అనేది నా వాదన. ఈ వాదన ఇప్పటికీ సరైనదేనని నా నమ్మకం. మా మనవరాలి విషయంలో నేను చేసిన పని చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పక తప్పదు.

మా అమ్మాయి అత్తవారిది బాపట్ల. ఇరవై ఏడో వారంలో కాళ్లు వాచి, కళ్లు మసకబారి, బీపీ చూసే మిషను గాలి కొట్టడం ఆపకుండా పైకి పోతుంటే అల్లుడు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ ఒక్క నిమిషం కూడా వృథా చేయలేదు. "కాన్పు ఆపలేమండి, ఒక రోజు వాయిదా వేయగలమేమో" అని, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ముదరడానికి తల్లికి ఇచ్చే ఇంజెక్షను వేసి, అంబులెన్సు ఎక్కించి తెనాలి పంపించేసింది. రెండో డోసు తెనాలిలో పడింది. ఆ మర్నాడు ఆపరేషను చేసి తొమ్మిది వందల గ్రాముల పిల్లను బయటికి తీశారు. ఆ డాక్టరమ్మను నేను ఇప్పటికీ చూడలేదు. కానీ ఆవిడ వేసిన ఆ ఇంజెక్షనే మా పిల్లకు మొదటి ఊపిరి ఇచ్చిందని తెనాలి డాక్టరు చెప్పినప్పటి నుంచీ నా ప్రార్థనలో ఆవిడ ఉంది.

తొమ్మిది వందల గ్రాములంటే ఏంటో నాకు తెలుసు. బజారులో వంకాయలు తూచినప్పుడు కిలోకి తక్కువ. కానీ ఆ అంకెను మనిషి రూపంలో చూడటం వేరు. గాజు పెట్టెలో, నా అరచేతి కంటే కొంచెం పొడుగు. ముక్కులో రెండు సన్నటి గొట్టాలు. పక్కన నీళ్ల సీసాలో బుడబుడమని బుడగలు. ఆ బుడగల మిషనే లోపలి గాలితిత్తులు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతోందని, పెద్ద వెంటిలేటరు పెట్టకుండా దీనితోనే గట్టెక్కించాలని చూస్తున్నామని చెప్పారు.

చెప్పింది నర్సు. సంగం జాగర్లమూడి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నేను మా స్కూల్లో ఎంత కఠినమో ఆమె ఆ వార్డులో అంతకు రెండింతలు. మొదటి రోజు నన్ను మూడుసార్లు వెనక్కి పంపింది, చేతులు సరిగ్గా కడుక్కోలేదని. "గోళ్ల సందులు కూడా అమ్మమ్మగారూ" అంది. నాకు ఒళ్లు మండింది. ముప్పై నాలుగేళ్లు పిల్లల గోళ్లు చూసిన దాన్ని నేను. కానీ మనసులో మాత్రం, ఈ పిల్ల చేతిలో పెడితే భయం లేదు అనుకున్నాను.

మా అమ్మాయికి కాన్పయ్యాక కూడా బీపీ దిగలేదు. మంచం మీద పడుకునే, రెండు గంటలకోసారి పాలు పిండి పంపేది. మొదట్లో చెంచాకు నాలుగు చుక్కలు. పిల్లకు ఆ పాలతో పాటు ఊపిరి మర్చిపోకుండా ఒక మందు ఇచ్చేవారు. అది కాఫీలో ఉండే సరుకేనని నర్సు చెబితే, "అయితే నా పోలికే" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. వార్డులో నవ్వడం ఆమెకు అలవాటు లేదు.

పెద్ద డాక్టరుగారు ఒకరోజు మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. "టీచరుగారూ, ఇవి ఇంకా పచ్చి ఊపిరితిత్తులు. గాలి గట్టిగా కొట్టినా పాడవుతాయి, ఆక్సిజన్ ఎక్కువ పెట్టినా పాడవుతాయి. కళ్లు కూడా దెబ్బతింటాయి. ఆక్సిజన్ కూడా మందే, అవసరానికి మించి వేయకూడదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆ మిషన్ మీద అంకె తొంభై నుంచి తొంభై ఐదు మధ్యలో ఉంటే చాలండి. తొంభై ఒకటి ఉందనుకోండి, నేను ఇంటికెళ్లి హాయిగా అన్నం తింటాను."

తర్వాత అసలు సంగతి చెప్పారు. కడుపులో ఉన్న వారాలు కూడా కలిపి లెక్కేస్తే ముప్పై ఆరు వారాలు వచ్చేసరికి పిల్లకు విడిగా ఆక్సిజన్ అవసరం లేకుండా పోవాలి. అప్పటికీ కావాల్సి వస్తే దాన్ని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు అంటారు. ఇంటికి సిలిండరుతో వెళ్లాలి, చిన్న జలుబు చేసినా ఆసుపత్రికి పరిగెత్తాలి, ఆ ఊపిరితిత్తులు తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. "మన పని అంతా ఈ లోపే" అన్నారు. నేను విన్నాను, తల ఊపాను. టీచర్లంత చెడ్డ విద్యార్థులు ఇంకెవరూ ఉండరని నాకు అప్పటికి తెలియదు.

ముప్పై రెండో వారానికి పిల్ల బుడగల మిషను దాటి, ముక్కు దగ్గర సన్నటి గొట్టంతో పక్క గదిలోకి మారింది. గాలిలో మామూలుగా నూటికి ఇరవై ఒక్క వంతులు ఆక్సిజన్ ఉంటే, దానికి ఇరవై ఐదు ఇస్తున్నారు. గోడ మీద ఒక మరలాంటి గుండ్రటి మూత, దాని చుట్టూ అంకెలు. అది తిప్పితే వంతు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ గదిలో కంగారూ పద్ధతి చేయిస్తారు. పిల్లను బట్టలు లేకుండా తల్లి గుండెల మీద పడుకోబెట్టి గుడ్డతో కట్టేస్తారు. తల్లి ఒంటి వేడితో పిల్ల ఊపిరి నిలకడగా ఉంటుందట. పొద్దున పూట మా అమ్మాయి, మధ్యాహ్నం నేను. అమ్మమ్మలు కూడా చేయొచ్చని నర్సు చెప్పగానే నేను ముందే జాకెట్టు హుక్కులు తీయబోతే, "చేతులు కడుక్కున్నారా?" అంది.

పిల్ల నా గుండెల మీద పడుకున్న మొదటి మధ్యాహ్నం గురించి ఎక్కువ రాయలేను. నా కూతురు పుట్టినప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

కానీ నా కంటికి ఎదురుగా ఆ మిషను ఉంది. దాని మీద పచ్చ రంగులో అంకె. తొంభై. తొంభై ఒకటి. ఎనభై తొమ్మిది. మళ్లీ తొంభై. అంకెలతో బతికిన దాన్ని కదా, కళ్లు దాని మీద నుంచి తిప్పుకోలేకపోయాను. మా వైపు పిల్లలకు తొంభై ఒకటి వస్తే ఇంట్లో ఏమంటారో అందరికీ తెలుసు. మిగతా తొమ్మిది ఎక్కడ పోయాయంటారు. కోచింగుకు పంపుతారు. తొంభై ఒకటి చాలని డాక్టరుగారు చెప్పిన మాట చెవికి చేరింది గానీ మనసుకు ఎక్కలేదు. నా మనవరాలు నా గుండెల మీద పడుకుని బొటాబొటీ మార్కులతో ఊపిరి తీసుకుంటోందన్నది నాకు మింగుడు పడలేదు.

ఒకసారి అంకె ఎనభై ఆరుకు పడితే నర్సు వచ్చి ఆ మర కాస్త తిప్పి, అంకె లేచాక మళ్లీ ఇరవై ఐదుకు తెచ్చి వెళ్లింది. నేను చూసి నేర్చుకున్నాను. ఆ మర నా కుర్చీ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేనే తిప్పాను. ముప్పైకి. అంకె తొంభై నాలుగు. ముప్పై ఐదుకు. తొంభై ఏడు. ఇంకొంచెం. పచ్చటి వంద కనబడింది. నా మనవరాలికి నూటికి నూరు వచ్చాయి. దాని పెదవులు మరింత ఎర్రగా అయ్యాయని కూడా అనిపించింది, నిజమో కాదో దేవుడికే తెలుసు. ఆ మిషను అంకె పడిపోతేనే అరుస్తుంది, పైకి పోతే అరవదు. నర్సు గంటకోసారి వచ్చి చార్టులో రాసుకుంటుంది. ఆమె చెప్పుల చప్పుడు వినబడగానే నేను మర మళ్లీ ఇరవై ఐదుకు తెచ్చేదాన్ని. అంకె వెంటనే పడదు, ఒకటి రెండు నిమిషాలు పైనే ఉంటుంది. ఆమె చూసి "తొంభై ఎనిమిది, ఇరవై ఐదు మీద" అని రాసుకుని వెళ్లేది. మూడు మధ్యాహ్నాలు ఇలా నడిపాను. మూడో రోజు ఆ అమ్మాయి మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. "అమ్మమ్మగారి దగ్గర పిల్ల భలే ఉంటుందండి" అంది డాక్టరుగారితో. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

డాక్టరుగారు చార్టు తిరగేసి, "పొద్దున పూట కొంచెం తక్కువే ఉంది గానీ, మధ్యాహ్నం ఇంత బావుందంటే దీనికి సత్తా వచ్చేసినట్టే. రేపు పొద్దున ఆక్సిజన్ తీసేసి చూద్దాం" అన్నారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. దాని కళ్లలో నీళ్లు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. మా ఆయనకు రెండు పూటలా ఇన్సులిన్ ఇవ్వాలి, అందుకని నేను సాయంత్రం రైలుకు రేపల్లె వెళ్లి పొద్దున రైలుకు తిరిగి వచ్చేదాన్ని. ఆ సాయంత్రం రైల్లో కూర్చుని, ఏమో, నిజంగానే బాగుపడిందేమో అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పొద్దున రైల్లో ఆ నచ్చజెప్పుడు పనిచేయలేదు. ఫోను చేతిలోనే ఉంది. ఒక్క మాట చెబితే చాలు. ఎదురుగా నిలబడి చెప్పడమే మర్యాద అనుకున్నాను. అది వట్టి సాకు. నాకు భయం వేసింది, అంతే. వేమూరులో రైలు ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. నా జీవితంలో అంత పొడుగు ఇరవై నిమిషాలు లేవు.

నేను వెళ్లేసరికి గొట్టం తీసేసి చాలాసేపయింది. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. అంకె ఎనభై నాలుగు. డాక్టరుగారి మొహం ముడుచుకుపోయి ఉంది. "నిన్న తొంభై ఎనిమిది ఉన్న పిల్ల ఇవాళ ఇలా ఎందుకుంటుంది? ఇన్ఫెక్షన్ ఏమైనా వచ్చిందేమో. బ్లడ్ తీయండి, ఎక్స్‌రే చెప్పండి, యాంటీబయాటిక్ మొదలుపెడదాం. అవసరమైతే వెంటిలేటర్ పెడదాం" అంటున్నారు. నర్సు పిల్ల పాదం పట్టుకుని సూది కోసం నరం వెతుకుతోంది. ఆ పాదం నా బొటనవేలంత లేదు. మా అమ్మాయి గోడకు చేరగిలబడి ఉంది.

"ఆగండి" అన్నాను. "ఇన్ఫెక్షన్ కాదండి. నిన్నటి అంకెలు దానివి కావు. మర నేనే తిప్పాను."

డాక్టరుగారు ముందు నర్సుకు సైగ చేశారు. ఆమె గొట్టం మళ్లీ పెట్టి ఇరవై ఐదుకు తిప్పింది, అదీ చాలక ముప్పైకి. పది నిమిషాలకు డొక్కల్లో గుంట తగ్గింది. అంకె తొంభై దగ్గర నిలబడింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. "ఎన్ని రోజులండి?" అన్నారు. చెప్పాను. "ఎంతకు తిప్పారు?" చెప్పాను, నలభై దాకా. ఆయన గొంతు పెంచలేదు, పెంచితే బావుండేది. "మీరు వేసిన మార్కులు చూసి నేను పిల్లను పై తరగతికి పంపేశాను టీచరుగారూ" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై నాలుగేళ్లు నేను ఊరందరికీ చెప్పిన మాటే అది.

సూది మాత్రం తప్పింది. ఆ ఒక్కటే నాకు దక్కిన ఊరట. కళ్ల డాక్టరును ముందుగా పిలిపించారు. ఆయన పిల్ల రెప్పలు తెరిచి లోపల చూస్తున్నంతసేపూ నేను బయట గోడ పట్టుకుని నిలబడ్డాను. ఫరవాలేదు, రెండు వారాల్లో మళ్లీ చూద్దాం అన్నారు. ఆ మర్నాటికి గదిలో మిషన్లన్నీ అంకె పైకి పోయినా అరిచేలా మార్చేశారు, మరలకు ప్లాస్టరు కూడా వేశారు. నా వల్ల ఆ వార్డుకు జరిగిన మేలు అదొక్కటే.

నర్సు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తప్పుడు అంకెలు ఆమె చేతిరాతలో ఉన్నాయి. చార్టులో ఆ మూడు మధ్యాహ్నాలనూ ఎర్ర గీతతో కొట్టేసి, పక్కన తన సంతకం పెట్టాల్సి వచ్చిందట. ఆమె కోపం న్యాయమైనదే. నేనైతే ఇంకా ఎక్కువ కోప్పడేదాన్ని.

మా అమ్మాయి మాట్లాడింది. అది ఇంకా కష్టమైంది. "చిన్నప్పుడు నాకు లెక్క రాకపోతే చెప్పేదానివి కాదు కదమ్మా, నువ్వే చెయ్యి, ఎంతసేపైనా పట్టనీ అని పక్కన కూర్చునేదానివి. దాన్నెందుకు చెయ్యనివ్వలేదు? దానికి రాదనుకున్నావా?" అంది. అవును, రాదనుకున్నాను. కన్నతల్లి నమ్మింది, డాక్టరు నమ్మాడు, తొంభై ఒకటి దగ్గర ఆ పిల్ల తన పని తాను చేసుకుంటోంది. నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. "మధ్యాహ్నం కూడా నేనే పడుకోబెట్టుకుంటాలే" అని అది మొహం తిప్పుకుంది. అల్లుడు బాపట్ల నుంచి సెలవు పెట్టి వచ్చి, చొక్కా తీసి కూర్చుని సాయంత్రాలు పిల్లను గుండెల మీద పెట్టుకున్నాడు. నేను పాల గిన్నెలు మరగబెట్టాను, గుడ్డలు ఉతికాను, బయట బల్ల మీద కూర్చున్నాను. రేపల్లె మానేస్తానని అనలేదు, తెనాలి మానేస్తానని కూడా అనలేదు. తప్పు చేసినవాళ్లు క్లాసు ఎగ్గొట్టడం నాకు నచ్చదు.

పిల్ల రోజుకు కాస్త, రెండు రోజులకు కాస్త తన లెక్క తాను చేసుకుంటూ పోయింది. ముప్పై నుంచి ఇరవై ఎనిమిది. నాలుగు రోజులకు ఇరవై ఐదు. ఒకరోజు ఇరవై మూడు, మర్నాడు మళ్లీ ఇరవై ఐదు. ఈసారి ఏ అంకెలోనూ ఎవరి చెయ్యీ లేదు. బరువు పదిహేడు వందలు దాటింది. ముప్పై ఆరు వారాలకు ఇంకా మూడు రోజులు ఉందనగా డాక్టరుగారు "ఇవాళ తీసి చూద్దాం" అన్నారు.

ఆ పొద్దున మా అమ్మాయికి జలుబు. తుమ్ముతుంటే నర్సు దాన్ని గడప దగ్గరే ఆపేసింది. అల్లుడు బాపట్లలో ఉన్నాడు. నర్సు, బయట బల్ల మీద కూర్చున్న నా దగ్గరికి వచ్చి నిలబడింది. "చేతులు కడుక్కుని రండి అమ్మమ్మగారూ" అంది. గోళ్ల సందులు కూడా కడుక్కున్నాను, రెండుసార్లు.

పిల్లను నా గుండెల మీద పడుకోబెట్టి గుడ్డ కట్టింది. ముక్కు దగ్గర గొట్టం తీసేసింది. మొదటిసారి ఆ మొహం మీద ఏదీ లేదు. తర్వాత ఆమె మిషన్‌ను తన బల్ల వైపు తిప్పుకుంది, అంకె నాకు కనబడకుండా. "నేను చూస్తుంటాను. మీరు పిల్లను చూడండి" అంది. నా రెండు చేతులూ గుడ్డలోపల, పిల్ల వీపు మీద ఉన్నాయి.

చాలాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత మెల్లగా తెలిసింది. నా రొమ్ము ఎముక మీద ఒక చిన్న పొట్ట లేస్తోంది, దిగుతోంది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. నర్సు బల్ల దగ్గర నుంచి లేవలేదు, నన్నే చూస్తోంది. నేను వేలైనా కదపలేదు. లోపల లోపల, నీకు వచ్చమ్మా, నీకు వచ్చు అనుకున్నాను. పొట్ట మళ్లీ లేచింది. దిగింది. లేచింది.

గడప అవతల నుంచి మా అమ్మాయి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, మిషన్ వైపు చూడకుండా నన్నే అడిగింది. "అమ్మా, ఎలా ఉంది?"

"ఊపిరి తీసుకుంటోందే" అన్నాను.